సైకిల్ సీటుకు ఐదు తొడుగులు

“ఇంటికొచ్చాక సీటుకి ఇంకాస్త దూది ఎట్టి కుట్టవే” అన్నాడు మా ఆయన, ఆసుపత్రి మంచం మీద నుంచి. “ముందు నువ్వు లెగు మావా, సీటు సంగతి నాను సూస్తాను” అన్నాను. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు.

కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా ఇంటి నుంచి ఓడరేవు పనికి సైకిల్ మీదే వెళ్లేవాడు. రెండేళ్లుగా నడుం కింద పోటు. సీటుదే తప్పనుకున్నాం. మూడు సీట్లు మార్చాడు. నేను పాత చీరలు మడతపెట్టి, దిండులో దూది తీసి, ఒకదాని మీద ఒకటి తొడుగులు కుట్టాను. రోజూ పొద్దున్నే బొటనవేలితో సీటు నొక్కి చూసి, “ఇయ్యాల బాగుంటాదిలే” అనేవాడు. సాయంత్రం గోడ పట్టుకుని లోపలికి వచ్చేవాడు.

ఆఖరికి ఇంట్లో పీట మీద కూడా కూర్చోలేక నిలబడే అన్నం తిన్నాడు. అది కళ్లారా చూస్తూ కూడా, “సైకిల్ తొక్కినోడికి ఇన్ని సోకులేటి, రాజుగోరివా” అన్నాను. వెన్నులో గడ్డ ఉందని డాక్టరు చెప్పేనాటికి తొడుగులు ఐదయ్యాయి. గడ్డ సంగతి ఆయనకు నేను చెప్పలేదు. సీటునే తిట్టుకుంటూ పోయాడు.

మనవరాలా, నేను చెప్తే నువ్వు రాసింది ఓసారి చదివి వినిపించు తల్లీ. నా మీద జాలిపడి, నా తప్పు తగ్గించి రాశావేమో చూడాలి.