హాసిక్ అఖాతంలో మస్తాన్ భాయ్

ఈ ఉదయం హాసిక్ ఊరు దాటి ఉత్తరాన ఉన్న అఖాతంలోకి బోటు తిప్పగానే కుళ్లిన చేపల వాసన గుప్పున కొట్టింది. బోటులో ఉన్న తొమ్మిదిమందీ ముక్కులు మూసుకున్నారు. మస్కట్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, బోటులో చేపలేమైనా పాడయ్యాయా అని హిందీలో అడిగింది. నేను ఇంజన్ ఆపి, గాలి వస్తున్న వైపు చెయ్యి చూపించాను. "అది తిమింగలం ఊపిరమ్మా" అన్నాను. ఆవిడ నమ్మలేదు. రెండు నిమిషాల్లో, కేక వేస్తే వినిపించేంత దూరంలో, నల్లటి వీపు ఒకటి నీళ్లను చీల్చుకుని పైకి వచ్చింది. తెల్లటి ఆవిరి మనిషెత్తున లేచి గాలికి చెదిరిపోయింది. అందరూ ముక్కుల మీది చేతులు తీసేసి ఫోన్లు పట్టుకున్నారు. నేను కాసేపు ఎటూ చూడలేదు. ఆ వాసనకు పేరు చెప్పిన మనిషి నా పక్కనే నిలబడి ఉన్నట్టు అనిపించింది.

ఆయన పేరు మస్తాన్ వలీ. కడప జిల్లాలో ప్రొద్దుటూరు పక్కన పల్లె. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా సముద్రం ఎలా ఉంటుందో తెలియదు. మస్కట్‌లోని మత్రా రేవులో చేపల లాంచీ మీద వంటవాడిగా చేరి, అన్నం వండుతూనే చుక్కాని పట్టడం నేర్చుకుని, ముప్పై ఏళ్లలో ఒమన్ తీరమంతా తిరిగి చివరికి దోఫార్ చివరనున్న ఈ చిన్న ఊళ్లో ఆగాడు. పొట్టి మనిషి. కుడి మోకాలు వంగదు. అందుకే ఎప్పుడూ నిలబడే బోటు నడిపేవాడు. వేసవి చివర వానగాలులకు ఇక్కడి సముద్రం ఎవరినీ రానివ్వదు. చలికాలం వచ్చి నీళ్లు నెమ్మదించాక తిమింగలాలను చూడటానికి జనం వస్తారు. వాళ్లను తీసుకెళ్లే బోటుకు ఆయనే కెప్టెన్.

నాది జగిత్యాల పక్క ఊరు. సలాలా నగరం పక్కన రైసూత్ రేవు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పంపుల మెకానిక్‌గా ఆరేళ్లు చేశాను. ఆ కంపెనీ మూతపడ్డాక, బోట్లున్న సాలెం అనే ఆయన నన్ను ఇంజన్ల పనికి హాసిక్ తీసుకొచ్చాడు. యజమానిని ఇక్కడ అందరం అర్బాబ్ అంటాం. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఆరేళ్లూ రేవు కంచె అవతల నుంచి సముద్రం చూశానే గానీ ఒక్కసారి కూడా బోటెక్కలేదు. మొదటి రోజు ఒడ్డు కనిపిస్తుండగానే వాంతి చేసుకున్నాను. రెండోసారి, మూడోసారి కూడా. యాత్రికులు నవ్వుతున్నారు. ఇదేం పని నాకు, సాయంత్రానికి అర్బాబ్‌కు చెప్పి వెళ్లిపోదామనుకున్నాను. మస్తాన్ భాయ్ స్టీరింగ్ వదలకుండానే నా భుజం పట్టి తన పక్కకు లాగాడు.

"ఇంజన్ సూడొద్దబ్బీ. కాళ్ల కింద సూడొద్దు. అదో, ఆకాశం నీళ్లూ కల్సే గీత ఉంది సూడు, దాన్ని సూడు. అది ఊగదు."

ఆ గీతను చూస్తూ నిలబడ్డాను. అరగంటకు కడుపు కుదురుకుంది. అలా నిలబడినప్పుడే ఆయన నాకు సముద్రం చెప్పడం మొదలుపెట్టాడు. మిగతా సముద్రాల్లో ఈ జాతి తిమింగలాలు కాలాన్నిబట్టి చాలా దూరం వలస పోతాయనీ, ఇక్కడివి మాత్రం ఏడాది పొడవునా ఈ నీళ్లు దాటవనీ చెప్పాడు. "ఇవి నీ మాదిరి నా మాదిరి వీసా మీద రాల్యా. ఈడనే పుట్న్యాయి. మనమే చుట్టాలం, అవి ఇంటోళ్లు. చుట్టాలు చుట్టాల మాదిరే ఉండల్ల" అనేవాడు. ఆ మాట ఆయన ఊరికే అనేవాడు కాదు. తిమింగలం కనబడితే బోటును దాని ముందుకు పోనిచ్చేవాడు కాదు, వెనక తరిమేవాడు కాదు. పక్కన, దూరంగా, ఇంజన్ ఆపి నిలిపేవాడు. ఇంకా దగ్గరికి పొమ్మని యాత్రికులు ఎంత బతిమాలినా చిరునవ్వు నవ్వి ఊరుకునేవాడు. కొన్నిసార్లు అది తనంతట తానే దగ్గరికి వచ్చేది.

మొదటి చలికాలంలోనే ఆయన చేతిలో నాకు పెద్ద చీవాట్లు పడ్డాయి. ఆ రోజు నాలుగు గంటలు తిరిగినా ఏమీ కనబడలేదు. ఎంతో దూరం నుంచి వచ్చిన ముసలి దంపతులిద్దరు దిగులుగా కూర్చున్నారు. వాళ్ల ముఖాలు చూడలేక, దూరంగా నాలుగు డాల్ఫిన్లు దూకుతుంటే "తిమింగలం, తిమింగలం" అని కేకపెట్టాను. ఆ ముసలాయన సంతోషంతో భార్యను కావలించుకున్నాడు. మస్తాన్ భాయ్ బోటు ఆపాడు. వాళ్ల దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి, తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, అవి డాల్ఫిన్లనీ, ఈ రోజు తిమింగలం కనబడలేదనీ, క్షమించమనీ చెప్పాడు. నా తల కొట్టేసినట్టయింది. ఒడ్డుకు వచ్చాక అడిగాను.

"ఏందన్నా, నా ఇజ్జత్ తీసినవ్. ఆళ్లు ఖుషీగ పోతే మనకేం పోయేది?"

"వాళ్లు ఇంటికి పోయి పది మందికి చెప్పుకుంటారబ్బీ, సూసినామని. ఆ ముసిలోని నోట్లో అబద్ధం నువ్వు పెట్టినట్టు గాదా?" అన్నాడు. "కనపడకపోతే కనపళ్యా అని చెప్పు. దాంట్లో నామర్దా ఏముంది?" అన్నాడు. వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ నా వంతు టీ కలిపి ఇంజన్ పక్కన పెట్టేవాడు.

మూడో చలికాలంలో ఒక మధ్యాహ్నం అఖాతం నడుమ ఒక తిమింగలం ఊపిరి వదులుతూ ఉన్నచోటే ఉండిపోయింది. మునగడం లేదు, కదలడం లేదు. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే తోక మొదట్లో నైలాన్ తాడు నాలుగైదు చుట్లు చుట్టుకుని, దాని వెంట తెగిన వల ముద్దలా వేలాడుతోంది. తాడు కోసుకున్న చోట చర్మం తెల్లగా లేచిపోయింది. నాకు ఒళ్లు మండింది. వల కోసే పెద్ద కత్తి తీసి, చొక్కా విప్పబోయాను. అప్పటికి ఈత బాగానే వచ్చు. మస్తాన్ భాయ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"కత్తి కింద పెట్టు."

"గట్ల సూసుకుంట నిలవడ్తమా అన్నా? సచ్చిపోతది గది!"

"కింద పెట్టు అంటాండా."

ఆయన వైర్‌లెస్‌లో అర్బాబ్‌ను పిలిచాడు. ఇలాంటి పనిలో శిక్షణ ఉన్నవాళ్లు సలాలాలో ఉన్నారనీ, వాళ్లు రోడ్డు మీద వచ్చి బోటెక్కేసరికి సాయంత్రమవుతుందనీ జవాబొచ్చింది. అర్బాబ్ ఇంకో బోటులో వచ్చి యాత్రికులను ఎక్కించుకుపోయాడు. మేమిద్దరం మిగిలాం. కళ్ల ముందు నుంచి అది తప్పిపోతే ఆ సముద్రంలో మళ్లీ దొరకదు. అందుకని కాపలా. ఎడారి వైపు నుంచి గాలి లేచింది. ఇసుక కళ్లలో పడుతోంది, అలలు బోటును ఎత్తి కుదేస్తున్నాయి. మస్తాన్ భాయ్ బోటును దానికి దూరంగానే తిప్పుతూ, ఒక్క క్షణం చూపు తిప్పకుండా, ఆ మోకాలి మీద ఐదు గంటలు నిలబడ్డాడు. నేను పట్టుకుంటానన్నా స్టీరింగ్ ఇవ్వలేదు. అప్పుడే, నా వైపు చూడకుండా, చెప్పాడు. చాలా ఏళ్ల కిందట, లాంచీ మీద ఉన్నప్పుడు, ఇలాంటిదే ఒకటి కనబడితే తనే దూకి తాడు కోశాడట. అది ఒక్క ఊపున వెళ్లిపోయింది. లాంచీలో అందరూ ఆయన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. నెల తిరక్కుండా అదే తిమింగలం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నోటికి అడ్డంగా ఇంకో తాడు బిగుసుకుని ఉంది.

"నాకు కనపడింది కోసినా. కనపడంది దాంతోనే పాయె. దాన్ని మళ్లీ పట్టుకుని ఆ రెండో తాడు కోసే వీలు గూడా లేకుండా చేసినా" అన్నాడు. "తెలిసినోళ్లు వచ్చేదాకా నిలబడేది గూడా పనేనబ్బీ."

సూర్యుడు కొండ వెనక్కి దిగే వేళకు వాళ్లు వచ్చారు. పొడవాటి కర్రలకు కొక్కెం కత్తులు కట్టి, నీళ్లలోకి దిగకుండా, ఒక్కో చుట్టునూ చూసుకుంటూ కోశారు. చివరి తాడు తెగాక కూడా అది కాసేపు అలాగే ఉంది, వదిలిందని తెలియనట్టు. తర్వాత ఒకసారి దీర్ఘంగా ఊపిరి వదిలి మునిగింది. మస్తాన్ భాయ్ "పో తల్లీ, పో" అన్నాడు. అప్పుడు కూర్చున్నాడు. ఆ రోజు ఆయన్ను లేపి ఒడ్డుకు దించడానికి నేనూ అర్బాబూ ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతి చలికాలం మొదట్లో ఆయన చూపులో తేడా గమనించాను. దారి గుర్తుగా నీళ్ల మీద తేలే బోయా ఏ రంగో నన్ను అడిగేవాడు. పక్క నుంచి వచ్చే బోటును చూడటానికి మెడంతా తిప్పేవాడు. టీ గ్లాసు అందిస్తే చెయ్యి ఒక జానెడు పక్కకు పోయేది. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన్ను ఇంటికి పంపేస్తారు. ఆయన అడగకముందే "ఎడమ పక్క పడవ అన్నా", "ముందట వల ఉన్నది" అని చెబుతూ నెట్టుకొచ్చాను. ఆయన్ను కాపాడుతున్నానని లోపల గర్వపడ్డాను కూడా.

ఒక ఉదయం పన్నెండు మందితో వెళుతున్నాం. నేను వెనక ఇంజన్ దగ్గర వంగి ఉన్నాను. తలెత్తేసరికి కుడి పక్కన, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో, ఇద్దరు జాలర్లున్న చిన్న పడవ. ఒక్క దూకులో వచ్చి స్టీరింగ్ లాగేశాను. మా బోటు వాళ్లను రాసుకున్నట్టే పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. జాలర్లలో పెద్దాయన లేచి నిలబడి మా మీద అరుస్తున్నాడు. మస్తాన్ భాయ్ ఇంజన్ ఆపేశాడు. ముఖంలో రక్తం లేదు.

"నాకా పడవ కనపళ్యా" అన్నాడు నాతో, మెల్లగా. "నా కండ్ల సంగతి నీకు తెలుసునా రాజేశం?"

నేను తల వంచుకున్నాను. "ఎరుకనే అన్నా."

"ఎప్పట్నించి?"

"రెండు నెలల సంది."

"నేను గూడా ఎవురికీ చెప్పల్యా. మొదటి తప్పు నాది. కానీ అబ్బీ, నా మీది ప్రేమతో నువ్వు ఈ పన్నెండు మందిని ముంచేటోడివి" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ అది నా చెవుల్లో ఉంది. అక్కడికక్కడే స్టీరింగ్ నాకు ఇచ్చి, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

ఒడ్డుకు చేరగానే ముందు ఆ జాలర్ల కోసం ఆగి, వాళ్ల పడవ వచ్చాక ఇద్దరి చేతులూ పట్టుకుని క్షమాపణ చెప్పాడు. తర్వాత తిన్నగా అర్బాబ్ దగ్గరికి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను. అర్బాబ్‌కు ఆయనంటే తమ్ముడి మీద ఉన్నంత ప్రేమ. జరిగింది విని, "ఎవరికీ ఏమీ కాలేదు కదా, సీజన్ అయ్యేదాకా ఉండు మస్తాన్, పక్కన రాజేశం ఉంటాడు" అన్నాడు. మస్తాన్ భాయ్ ఒప్పుకోలేదు. "నేను నడపలేను అర్బాబ్. ఈ పొద్దు నుంచే. రాజేశానికి లైసెన్సు పరీక్ష రాయించు. ఇంజన్ తెలుసు, నీళ్లు తెలుసు. తప్పు చేస్తే ఒప్పుకుంటాడు, ఈ పొద్దు నా ముందర ఒప్పుకున్నాడు" అన్నాడు. నా గురించి అంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు. అదీ నేను తప్పు చేసిన రోజునే విన్నాను.

నెల రోజుల్లో ఆయన ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు. కంటి నరం దెబ్బతిందనీ, పోయిన చూపు రాదనీ, మందులతో ఉన్నది నిలబెట్టవచ్చనీ డాక్టర్లు చెప్పారు. ముందే వచ్చి ఉంటే ఇంకొంత మిగిలేదట. ఆ సంగతి ఫోన్లో వాళ్లావిడ చెప్పినప్పుడు, నేను నోరు మూసుకున్న ఆ రెండు నెలలు గుర్తొచ్చి ఆ పూట అన్నం తినలేకపోయాను. ఆయనతో ఆ మాటే అంటే, "నా కండ్లు నావి రా. నేను మూసుకుంటి, నువ్వేం చేస్తావ్" అని కొట్టిపారేశాడు.

ఇప్పుడు బోటు నేనే నడుపుతున్నాను. ఏటా సీజన్ మొదలయ్యే ముందు సలాలా వెళ్లి కళ్లు చూపించుకుంటాను. ఆ కాగితం తెచ్చి అర్బాబ్ బల్ల మీద పెడతాను. ఆయన ఎన్నడూ అడగలేదు. ఈసారి కుడి కంటికి అద్దాలు రాశారు. ఒక్క క్షణం, దూరం చూపు బాగానే ఉంది కదా, చెప్పకపోతే ఏం, అనిపించింది. ఆ క్షణాన్ని ఎవరూ చూడలేదు, నేను చూశాను. కాగితం మడత పెట్టకుండా పట్టుకుని అర్బాబ్ గదిలోకి వెళ్లాను.