నిదానం గారు చదివిపెట్టిన తెర

ఆయన అసలు పేరు ఏదైనా, మా ప్రెస్సులో అందరం నిదానం గారనే అంటాం. ఆ పేరు పెట్టిన పాపం నాదే. పాతికేళ్ళు చేతిగడియారాలు బాగుచేసి, జనం వాటిని పెట్టుకోవడం తగ్గించాక కంప్యూటర్ల మరమ్మతుకు మళ్ళారు. పనితీరు మాత్రం మారలేదు. ఒక స్క్రూ విప్పితే దాన్ని తెల్లకాగితం మీద పెట్టి, అది ఏ మూలదో పక్కన రాసుకుంటే గాని రెండోదాని జోలికి పోరు. నాది బైండింగ్ పని. చకచకా కుట్టి అవతల పడేసే రకాన్ని. ఆయన్ని చూస్తుంటే ఒళ్ళు మండేది.

మాది చూపులేని పిల్లలకు బ్రెయిలీ పుస్తకాలు వేసే చిన్న ప్రెస్సు. ముందు గదిలో నా కుట్టుబల్ల. వెనక గదిలో కంప్యూటరు, కాగితం మీద చుక్కలు పొడిచే యంత్రం. ఆ గది అక్కయ్యది. నాకు వరసకు ఏమీ కాదు, కానీ నోరారా అలాగే పిలుస్తాను. పుట్టుకతోనే ఆవిడకు చూపు లేదు. తెరమీది అక్షరాలను కంప్యూటరు గొంతు చదువుతుంటే విని, పన్నెండేళ్ళుగా ఆ గదిని ఒంటిచేత్తో నడుపుతోంది.

పోయిన ఏడాది పాత యంత్రం మూలపడి కొత్తది వచ్చింది. దాన్ని కలపాలంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది లినక్స్‌తో నడిచే మా కంప్యూటరు. రోజువారీ పనికి ఆ పాస్‌వర్డ్‌తో అవసరం పడదు. ఎప్పుడో ఆరేళ్ళ క్రితం పెట్టుకున్నది, అక్కయ్య మరిచిపోయింది. ఎవరైనా చూస్తారని ఎక్కడా రాసిపెట్టలేదు కూడా. రెండు రోజులు గుర్తొచ్చినవన్నీ కొట్టి చూసింది. ఒక్కటీ కుదరలేదు.

మూడో రోజు ప్రెస్సు నడిపే సంఘం కార్యదర్శి గారు వచ్చి నా బల్ల దగ్గరే నిలబడి అన్నారు. "ఆ గదిలో చూపున్న మనిషినెవరినైనా పెడదామమ్మా. ఆవిడ ప్రూఫులు చూసుకుంటే సరిపోతుందిగా."

రెండు గదుల మధ్య తలుపు లేదు. అక్కయ్య ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తీయలేదు. నేను గదమాయిస్తే, "ఈ కుర్చీ పోతే నన్ను మళ్ళీ చెయ్యి పట్టుకుని నడిపిస్తారే. అది నావల్ల కాదు," అంది. నాకు ఏడుపొచ్చింది. వెంటనే నిదానం గారికి ఫోన్ చేశాను.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. సంచీ కింద పెట్టకుండానే, "ఈ కంప్యూటరు ఎవరి చేతికింద ఉందమ్మా?" అని అడిగారు.

"నా చేతికిందేనండీ," అంది అక్కయ్య.

"డిస్కుకి విడిగా పాస్‌వర్డ్ తాళం ఏమైనా వేశారా?"

"లేదండీ."

"అయితే దారుంది. కంప్యూటరు మన దగ్గరే ఉంది కాబట్టి, మామూలుగా కాకుండా మరమ్మతు పద్ధతిలో లేపి, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. మీ పుస్తకాలు ఎక్కడివక్కడే ఉంటాయి." అంటూ కీబోర్డును ఆవిడ ముందుకు జరిపారు.

"అలా లేపితే నాకు చదివిపెట్టే గొంతు పలకదండీ," అంది అక్కయ్య చిన్నగా.

"అది పలక్కపోతే నేను పలుకుతాను. తాళం మీది, మీరే తియ్యాలి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయిదు నిమిషాల పని! మీరే కొట్టెయ్యొచ్చుగా బాబాయిగారూ?"

ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. పక్కన స్టూలు వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. కంప్యూటరు లేచింది. నల్లటి తెర. ఒక్కో వరుసా చదువుతూ పోయారు. "ఇక్కడ నాలుగు వరుసలున్నాయి. మీరు మొదటిదాని మీద ఉన్నారు. కిందకి ఒకటి. ఆగండి. ఇప్పుడు ఎంటర్." కొట్టాల్సిన ప్రతి అక్షరం, మధ్యలో ఖాళీ వస్తే "ఖాళీ" అని కూడా చెప్పారు. అంతలో కార్యదర్శి గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

కొత్త పాస్‌వర్డ్ కొట్టే చోటు వచ్చింది. నిదానం గారు ముఖం గోడవైపు తిప్పుకున్నారు. అక్కయ్య వేళ్ళు ఆడాయి.

"ఏదీ, తెరమీద ఏమీ పడటం లేదే?" అన్నారు కార్యదర్శి గారు.

"ఎవరు కొట్టినా పడదండీ. చుక్క కూడా కనపడదు. ఇక్కడ మీరు కూర్చున్నా ఇంతే, నేను కూర్చున్నా ఇంతే," అన్నారు ఆయన గోడకేసి చూస్తూనే.

ఆ మాటకు నా కడుపు చల్లబడింది. అంతలో తెర తప్పు చూపించింది. పాస్‌వర్డ్ మారలేదు. అక్కయ్య చేతులు కీబోర్డు మీంచి జారిపోయాయి.

"తప్పు మీది కాదు, నాది," అన్నారు నిదానం గారు, గుమ్మం దాకా వినపడేట్టు. "డిస్కు చదవడానికి తెరుచుకుంది గాని, రాయడానికి తెరుచుకోలేదు. అది ముందే చెయ్యమనాలి, మరిచాను. మళ్ళీ చెబుతాను, కొట్టండి." మళ్ళీ అక్షరం అక్షరం చదివారు. ఆవిడ మళ్ళీ కొట్టింది. ఈసారి మారింది.

కంప్యూటరు మామూలుగా లేచాక దాని గొంతు పలికింది. అక్కయ్య తన చేతులతోనే కొత్త యంత్రాన్ని కలుపుకుంది. గంటలోపు మొదటి కాగితం టకటకా చుక్కలతో బయటికొచ్చింది. దాన్ని తడిమి చూసి, "మూడో వరుసలో ఒక చుక్క సరిగా లేవలేదు," అని విసుక్కుంది. ఆ విసుగు వినగానే నా ప్రాణం లేచొచ్చింది.

కార్యదర్శి గారు రిజిస్టరు తీసి, మరమ్మతు చేసిన వారి పేరు రాయడానికి నిదానం గారిని అడిగారు. "ఆవిడ పేరు రాసుకోండి. నేను చదివిపెట్టాను, అంతే," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. కుర్చీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ పేరు పెట్టినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆ రోజు నేను అడిగినట్టు ఆయన కొట్టేసి ఉంటే కంప్యూటరు బాగయ్యేది, అక్కయ్య గది మాత్రం పోయేది. ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఆ మాట మొహాన చెబితే, "సర్లేమ్మా," అని స్క్రూలు ఏరుకుంటారు.

మొన్న కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు మళ్ళీ నల్లతెర దగ్గర ఆగిపోయింది, గొంతు లేదు. నిదానం గారికి ఫోన్ చెయ్యబోయి ఆగాను. స్టూలు లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"కొట్టు అక్కయ్యా, నేను చదువుతాను," అన్నాను.