కోటేశ్వరమ్మ గారూ, పడమటి గోడా

మా ముత్తాతగారు పొన్నూరి వెంకటాద్రి గారు గుంటూరులో పత్తి జిన్నింగు మిల్లు పెట్టిన మొదటి తరం వారిలో ఒకరు. మా తాతగారు వెంకటరంగయ్య గారి కాలానికి దానికి దూది బేళ్ళు కట్టే ప్రెస్సు, గోదాములు, రైలుకట్ట దాకా సొంత దారి అమరాయి. పల్నాటి నుంచి పత్తి బండ్లు బారులు తీరితే చివరి బండి ఏ ఊరి పొలిమేరలో ఉందో తెలిసేది కాదని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఊరికి కొత్తగా వచ్చిన అధికారి ముందు మా వరండాలో కాఫీ తాగి, ఆ తర్వాతే తన కచేరీకి వెళ్ళేవాడట. మా నాన్నగారి హయాంలో మిల్లు ఆగింది, బ్యాంకు వేలంలో పోయింది. ఇదంతా జాలి కోసం చెప్పడం లేదు. ఇంకొకరి గురించి నోరు విప్పే ముందు తామెవరో చెప్పుకోవడం మా ఇంటి మర్యాద.

నిన్న సాయంత్రం లిఫ్టు కోసం కింద నిలబడి ఉన్నాను. తలుపు తెరుచుకోగానే కొత్త మిరపకాయ ఘాటు గుప్పున కొట్టింది. లోపల మనుషులు లేరు, ఘాటు మాత్రం ఉంది. మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు అప్పుడే పైకి వెళ్ళి ఉంటారు. ఒక్కణ్ణే ఎక్కి తుమ్ముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ ఏడో అంతస్తుకి చేరాను. ఆ ఘాటు ఎప్పుడు తగిలినా నాకు కోటేశ్వరమ్మ గారు గుర్తొస్తారు. ఆవిడను ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

మా మిల్లు, దాని చుట్టూ ఉన్న గుడిసెలు, పెంకుటిళ్ళు అన్నీ తీసేసి అక్కడ ప్రభుత్వం పెద్ద కాలనీ కట్టించింది. కొనగలిగినవాళ్ళకి సొంత ఫ్లాట్లు, కొనలేనివాళ్ళకి తక్కువ అద్దె ఇళ్ళు. ఆ రెండింటినీ విడివిడిగా కట్టలేదు. ప్రతి అంతస్తులోనూ సొంత గుమ్మం పక్కనే అద్దె గుమ్మం ఉంటుంది. మెట్లు ఒకటే, లిఫ్టు ఒకటే. ఆ అద్దె ఇళ్ళ ఆఫీసుకి మేనేజరు కోటేశ్వరమ్మ గారు. పొట్టి మనిషి. మంగళగిరి నేత చీర, చేతిలో తాళాల గుత్తి. గొంతు మాత్రం మిర్చి యార్డులో వేలంపాట పాడేవాళ్ళకి ఏమాత్రం తీసిపోదు.

మేము ఉంటున్న బ్రాడీపేట వాటాను ఇంటివారు పడగొట్టి కట్టుకుంటామన్నప్పుడు, మా అక్క సుభద్ర పోరు పడలేక ఆ ఆఫీసుకి వెళ్ళాను. అప్పటికి నేనొక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఆవిడ బల్ల ముందు నిలబడి ముందుగా ఒక్క మాట చెప్పాను, "ఈ స్థలం మాదండీ."

"తెలుసండీ," అన్నారావిడ తలెత్తకుండానే. "మా అమ్మ మీ మిల్లులో పత్తి ఏరేది. నిలబడే మాట్లాడతారేం, కూర్చోండి."

అలాంటి చోట మాకు ఎదురయ్యేవి రెండే రకాలు. కొందరు అతివినయం చూపిస్తారు, కొందరు పాత కసి తీర్చుకుంటారు. ఆవిడ ముఖంలో రెండూ లేవు.

"స్థలం మీదైందని ముందు వరసలో పెట్టనండీ. మిల్లు మీదైందని వెనక్కీ నెట్టను. అందరికీ చీటీలు వేస్తాం. వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

"నాకెవరి దయా అక్కర్లేదు," అన్నాను.

"అది నా దగ్గర లేదండీ. ఇళ్ళున్నాయి, అంతే."

చీటీ వచ్చింది. గృహప్రవేశం రోజున ఆవిడ తాళంతో పాటు ఒక నియమం కూడా పట్టుకొచ్చారు. అద్దె ఇంట్లో దిగేవాళ్ళు పొంగించుకునే పాలు ఎదుటి సొంత ఫ్లాటువాళ్ళు తేవాలి. ఏ కాగితంలోనూ లేని నియమం అది, ఆవిడ సొంతం. మా ఎదుటి గుమ్మం శేషగిరిరావు గారిది. మిర్చి కమిషన్ వ్యాపారి, ఫ్లాట్ల అసోసియేషన్‌కి ప్రెసిడెంటు. పాల ప్యాకెట్టును కొసతో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మా అక్కకి నచ్చలేదు. "మన పాలు మనం పొంగించుకోలేమా?" అంది ఆయన వినేట్టుగానే.

"పొంగించుకోవచ్చమ్మా," అన్నారు కోటేశ్వరమ్మ గారు. "మీ పాలైతే పొంగినట్టు మీ ఒక్కరికే తెలుస్తుంది. ఎదురింటి పాలైతే రెండిళ్ళూ పొయ్యి దగ్గర నిలబడి చూడాల్సిందే. శేషగిరిరావుగారూ, అక్కడే ఆగారేం? లోపలికి రండి. పొయ్యి కరవదు."

ఆయన వచ్చారు. పొంగేదాకా నిలబడ్డారు. తర్వాత మా అక్క కాఫీ ఇస్తే తాగారు కూడా. కాలనీ అంతా ఆవిడ ఇలాగే ఒక్కో గుమ్మాన్నీ ఇంకో గుమ్మానికి పరిచయం చేశారు.

అయితే పాలతో అన్నీ సర్దుకోవు. మాఘం దాటి యార్డుకి కొత్త కాయ రావడం మొదలైతే గుంటూరు గాలే మారిపోతుంది. మా పక్క అద్దె ఇంట్లో సామ్రాజ్యం అనే ఆవిడ ఉంటుంది. యార్డులో తొడిమలు తీస్తుంది. పొద్దు వాలాక ఆవిడా, తోటి ఆడవాళ్ళూ లిఫ్టు ఎక్కితే చీరల్లో దూరిన కారం అందరికీ తగిలేది. ఒకసారి నేనూ తుమ్మితే సామ్రాజ్యం నవ్వింది. "ఏం బాబుగారూ, మిల్లుగలోళ్ళక్కూడా తుమ్ములొస్తయ్యా?" నేను రుమాలు తీసుకున్నాను. సొంత ఫ్లాట్లవాళ్ళు మాత్రం జవాబు ఆలోచించారు. అద్దెవాళ్ళకి వేరే గేటు, వేరే లిఫ్టు.

గేటుకి చోటు కావాలి. ఆ చోటు నా దగ్గర ఉంది. వేలంలో మిల్లంతా పోయినా పడమటి గోడ బయట సన్నటి పట్టీ ఒకటి మా పేరనే మిగిలిపోయింది. ఒకప్పుడు కూలీలు మిల్లులోకి వచ్చే దారి అది. ఇప్పుడు సర్కారు తుమ్మ మొలిచి ఉంది. ఒక ఆదివారం శేషగిరిరావు గారు పళ్ళు పట్టుకుని వచ్చారు.

"రంగారావుగారూ, పెద్దింటివాళ్ళు మీరు. మీకు వేరే చెప్పాలా? ఆ ముక్క మాకివ్వండి. గేటు మీద మీ తాతగారి పేరు పాలరాయి మీద చెక్కిస్తాం. ఊరందరికీ కనపడేట్టు. మీరు ఆ గేటునుంచి రానక్కర్లేదులెండి, మీ సంగతి వేరు."

నిజం చెప్పాలంటే నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ నేల మీద మా తాతగారి పేరు మళ్ళీ కనిపించాలన్నది నాతో పుట్టి పెరిగిన కోరిక. మర్నాడు వరండాలో సామ్రాజ్యం ఎదురైంది.

"గేటు పెడతన్నారంటగా బాబుగారూ. నాకేం కొత్తగాదులే, మా నాయనమ్మ ఆ దారినే మీ మిల్లుకొచ్చేది. మా పిల్లే... కాలేజీలో దాని స్నేహితులు ఇటొస్తా ఉంటారు. నేను వెనక గేటున రానమ్మా, పోదాం పద, అంటంది. గేటు పడితే ఖాళీ చేసి పోవాల్సిందే. ఎక్కడికో మరి."

నేను ఆఫీసుకి వెళ్ళి గేటు సంగతీ, దాని మీద తాతగారి పేరు సంగతీ చెప్పాను. పట్టీ ఇవ్వవద్దని కోటేశ్వరమ్మ గారు అడుగుతారనుకున్నాను. ఆవిడ అడగలేదు.

"మీ స్థలం, మీ ఇష్టమండీ."

"మీకు అభ్యంతరం లేదా?"

"లేకేం? బోలెడంత ఉంది. కానీ ఇల్లు మా చేతిలో ఉంది కదా అని అద్దెకున్నవాళ్ళ మెడ మీద కూర్చునే రకాన్ని కాను. గేటు పడితే మాత్రం నా ఆఫీసు అటు మార్చుకుంటాను. రోజూ ఆ గేటునుంచే వస్తాను. మా అమ్మకి అలవాటైన దారేగా." తాళాల గుత్తి బల్ల మీద పెట్టారు. "ఒక్కటి అడగనా? మీ తాతగారు మిల్లుకి ఎటునుంచి వచ్చేవారు?"

"తూర్పు గేటునుంచి."

"మరి ఆయన పేరు పడమటి గేటుకి కడతామంటే మీకెలా ఉందండీ?"

అంతే అన్నారు. పక్కనే ఎవరో కుళాయి కారుతోందని వస్తే అటు తిరిగారు.

మీటింగు కింద హాల్లో పెట్టారు. శేషగిరిరావు గారు నేరుగా యార్డు నుంచే వచ్చారు. ఆ రోజు పాట జోరుగా సాగిందేమో, చొక్కా నిండా కాయ వాసన. ఆయన మైకు అందుకుని "ఈ ఘాటు సమస్య" అనగానే ముందు వరసలో ఒకావిడ తుమ్మింది. పక్కనాయన దగ్గాడు. రెండో వరసకి పాకింది. వెనక నుంచి కోటేశ్వరమ్మ గారి గొంతు హాలంతా వినపడింది.

"ప్రెసిడెంటుగారూ, మీరు లిఫ్టెక్కినప్పుడు కూడా తుమ్ముతూనే ఉన్నాం. మీకెప్పుడూ వినపళ్ళేదా? కాయ అమ్మినాయన ఘాటుకి ముందు గేటూ, తొడిమ తీసినావిడ ఘాటుకి వెనక గేటూనా? గుంటూర్లో ఘాటు లేనిదెవరి ఇల్లండీ? ఆ అన్నం తినేగా అందరం ఇక్కడ కూర్చున్నాం!"

నవ్వారు జనం. శేషగిరిరావు గారు కూడా నవ్వబోయి, తనే తుమ్మారు. అయినా పట్టు వదల్లేదు. "స్థలం ఇస్తున్నవారు ఉన్నారు, వారినే అడుగుదాం" అని నా వైపు చెయ్యి చూపించారు.

నేను లేచాను. మా ఇంట్లో ఎవరూ సభలో ఎక్కువ మాట్లాడరు. "మా తాతగారి పేరు ఆ గేటు మీద ఉండదు. పట్టీ ఇవ్వను" అని చెప్పి కూర్చున్నాను. సామ్రాజ్యం ఎక్కడో వెనక "అమ్మయ్య" అంది. కోటేశ్వరమ్మ గారు చప్పట్లు కొట్టలేదు, దగ్గరికొచ్చి అభినందించలేదు. తాళాల గుత్తి తీసుకుని హాలు మూయించడానికి వెళ్ళారు. నేను చేయాల్సిందే చేశానని ఆవిడ అనుకోవడం నాకు పొగడ్త కంటే ఎక్కువనిపించింది.

రిటైరయ్యే ముందు ఆవిడ మా ఇంటికి వచ్చారు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నానండీ. ఆ పట్టీ మా ఆఫీసుకి అమ్మండి. గోడ బయటికి జరిపేస్తాం. నేను పోయాక ఇంకెవరికీ గేటు ఆలోచన రాకూడదు." మా అక్క నా ముఖంలోకి చూసింది. నేను ఆవిడకి కాఫీ అయినా ఇవ్వకముందే సరేనన్నాను.

తర్వాత ఆవిడ కనిగిరిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయిన వేసవిలో పోయారని సామ్రాజ్యమే చెప్పింది. వెన్ను వంచడం నాకు చేతకాదు, ఇప్పటికీ రాదు. వంగమని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. ఎవరి పక్కన నిలబడాలో మాత్రం చూపించారు. కాలనీలో ఎవరైనా మీరు సొంతమా, అద్దెనా అని అడిగితే అద్దె అని చెబుతాను, తల దించుకోకుండానే.

పట్టీ రిజిస్ట్రేషను అయిపోయింది. పడమటి గోడ బయటికి జరిగింది. గుంటూరులో పొన్నూరి వారి పేరు మీద ఇక సెంటు భూమి లేదు.