అడ్మిట్ బాక్స్‌లో టిక్కు

కరోనా మాస్కులు సొరుగుల్లోకి వెళ్లిపోయిన ఏడాది అది. మా ఇల్లు నేపర్‌విల్‌లో. అక్కడినుంచి ముప్పావుగంట డ్రైవ్ చేస్తే వచ్చే ఒక చిన్న సిటీలో, పేరు అనవసరం, సిటీ హాల్ లైసెన్స్ కౌంటర్‌లో గుమాస్తాని. ఇప్పటికీ అదే కుర్చీ. ఊళ్లో కొట్టు పెట్టాలన్నా, సెలూన్ తెరవాలన్నా నా కిటికీ ముందుకు రావలసిందే. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మనవాళ్లు వస్తే కొంచెం పెద్దరికం వచ్చేసేది. ఫారం వాళ్లని చదవనివ్వకుండా ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించేవాణ్ణి. దాన్నే సాయం అనుకునేవాణ్ణి.

ఆ వేసవిలో విజయలక్ష్మి గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నన్నాళ్లూ ఈవిడ డిపెండెంట్. దేశంలో ఉండొచ్చు, ఉద్యోగం చేయడానికి లేదు. గ్రీన్‌కార్డ్ వచ్చాక, స్టేట్ పెట్టే ఇన్సూరెన్స్ ఏజెంట్ పరీక్ష రాసి, పాసై, ఒక కంపెనీ తరఫున పాలసీలు అమ్ముకుంటూ కిరాణా కొట్టు పక్కన చిన్న ఆఫీస్ తెరిచారు.

మా సిటీకి ఒక ఆర్డినెన్స్, అంటే ఊరు సొంతంగా చేసుకున్న చట్టం, ఉండేది. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున ఆఫీస్ నడిపేవాళ్లు స్టేట్ లైసెన్స్ ఉన్నా సరే, సిటీకి విడిగా లైసెన్స్ ఫీజు కట్టాలి. ఆవిడ కట్టలేదు. సిటీ సైటేషన్ పంపింది. అంటే ఫలానా నిబంధన ఉల్లంఘించారు, జవాబు చెప్పండి అనే నోటీసు. ఆవిడ ఆ నోటీసుతోపాటు ఒక ఫైల్ కూడా తెచ్చారు. అందులో స్టేట్ చట్టం ప్రింట్ తీసి, ఒక పేరా మీద పసుపు మార్కర్‌తో గీత పెట్టారు.

"ఇది చూడండి మూర్తి గారూ. ఇన్సూరెన్స్ వాళ్లకి లైసెన్స్ ఇచ్చేది స్టేట్ ఒక్కటే, సిటీలు మళ్లీ ఫీజు వేయకూడదని క్లియర్‌గా ఉంది. రెండుసార్లు చదివాను."

నేను ఆ పేరా చదవలేదు.

"ఆ తగువు కంపెనీలూ లాయర్లూ చూసుకుంటారండీ, మనకెందుకు? హియరింగ్ అని విచారణ అడిగారంటే తిరగలేక చస్తారు. ఇదిగో, తప్పు ఒప్పుకున్నట్టు ఈ అడ్మిట్ బాక్స్ టిక్ చేసి కట్టేయండి. ట్రాఫిక్ టికెట్ లాంటిదే."

"రికార్డ్‌లో ఏం ఉండదు కదా? సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలి."

"పేచీ పెట్టుకుంటేనే రికార్డ్ అండీ."

అంత ధీమాగా ఎలా అన్నానో ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ పెన్ను పట్టుకుని కాసేపు ఆ గడి వైపే చూశారు. తర్వాత టిక్ చేసి సంతకం పెట్టారు. ఫైల్ మూసి సంచిలో పెట్టుకున్నారు.

మరుసటి ఏడు ఆవిడ ఫోన్ చేశారు. స్టేట్ లైసెన్స్ రెన్యూవల్‌కి వచ్చిందట. అందులో ఒక ప్రశ్న: ఏ ప్రభుత్వ సంస్థ అయినా మీ వృత్తికి సంబంధించి మీ మీద చర్య తీసుకుందా?

"సిటీది చెప్పాలా అండీ?"

"దాన్ని ఎందుకు కెలకడం? నో పెట్టేయండి."

కొన్నాళ్లకే ఒక పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ ఆ ఫీజు చెల్లదంటూ మా సిటీ మీద కోర్టుకెళ్లింది. తప్పు ఒప్పుకుని కట్టినవాళ్ల లిస్ట్ ఇమ్మని మా సిటీ లాయర్ నన్ను అడిగాడు. ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదని జడ్జికి చూపించడానికట. ఆల్ఫబెట్ ప్రకారం చక్కగా టైప్ చేసి ఇచ్చాను. అందులో విజయలక్ష్మి గారి పేరుంది. చూశాను కూడా, ఏమీ అనిపించలేదు. కేసులో స్టేట్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ కూడా ఉంది కాబట్టి ఒక కాపీ వాళ్లకీ వెళ్లింది.

కోర్టు ఫీజు కొట్టేసింది. స్టేట్ చట్టం ముందు సిటీ ఆర్డినెన్స్ నిలవదంది. తీర్పు రాగానే సంతోషంగా ఆవిడకి ఫోన్ చేశాను.

"మీరు చెప్పిందే కరెక్ట్ అండీ."

"స్టేట్ నుంచి లెటర్ వచ్చిందండీ. లిస్ట్‌లో నా పేరు చూశారంట. అప్లికేషన్‌లో అబద్ధం రాశానని లైసెన్స్ తీసేస్తున్నారు."

ఫీజు చెల్లకపోతే ఇదీ చెల్లదనుకున్నాను. మా సూపర్‌వైజర్ వద్దన్నా వినకుండా, ఆ సలహా నాదేనని తెల్ల కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ దాన్ని స్టేట్ వాళ్ల హియరింగ్‌కి పట్టుకెళ్లారు. వాళ్లు చదివి పక్కన పెట్టారట. ఫీజు చెల్లదన్నది వేరే సంగతి, మేం అడిగిన ప్రశ్నకి మీరు నో అన్నారు, కింద సంతకం మీది అన్నారట. ఆ వారమే కంపెనీ కూడా ఆవిడతో కాంట్రాక్ట్ తెంచేసుకుంది.

ఆఫీస్ ఖాళీ చేస్తున్న రోజు వెళ్లాను. గోడమీద లైసెన్స్ ఫ్రేమ్ ఇంకా ఉంది. నేను చూస్తున్నది గమనించి ఆవిడే దించారు.

"ఈ దేశంలో ఎవరి డిపెండెంట్ అని లేకుండా నా పేరుతో వచ్చిన మొదటి కాగితం ఇది" అన్నారు.

క్షమించమని అడిగాను.

"మీరు మంచికే చెప్పారు మూర్తి గారూ. పదమూడేళ్లు మా ఆయన చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. ఆఫీస్ పెట్టాక ఆ అలవాటు పోయిందనుకున్నాను."

ఫ్రేమ్‌ని చీరల మధ్య చుట్టి అట్టపెట్టెలో పెట్టారు. పెట్టె కారుదాకా మోస్తానంటే వద్దన్నారు.

ఇప్పుడు నా కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా ఫారం వాళ్ల వైపు తిప్పి, "ఇంటికి తీసుకెళ్లి చదవండి. ఎక్కడ టిక్ చేయాలో నేను చెప్పను" అంటాను. మూర్తికి పొగరెక్కిందని మనవాళ్లు అనుకుంటున్నారట. అనుకోనీ. ఆ రోజు నా కిటికీ దగ్గర చట్టం చదివిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ చేత ఫైల్ మూయించింది నేను.