అప్పజెప్పించే క్యారల్ టీచర్

క్యారల్ టీచర్ ఏ మాట చెప్పినా ఊరుకునేది కాదు, వేలెత్తి దాన్ని మన చేత తిరిగి అప్పజెప్పించేది. లాలాగూడలో మా పక్క పోర్షన్ ఆవిడది. రోజూ పొద్దున నేను పాలు పొయ్యి మీద పెట్టగానే పేపరు పట్టుకుని వచ్చేది. ఇప్పుడు పాలు పొంగుతున్నాయి, ఎవరూ రావడం లేదు. ఆవిడ జాంబియాలో ఉంది.

“సీతా, కోస్తాల చెదురుమదురు జల్లులు. ఏం చెప్పిన?”

“జల్లులు, అక్కా.”

“ఎట్లాంటి జల్లులు?”

“చెదురుమదురు.”

“శభాష్. చాయ్ పెట్టు.”

కోస్తాలో పడే వానతో లాలాగూడలో నాకేం పని? ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, బుర్ర తక్కువనుకుంటోంది కాబోలు అనుకునేదాన్ని. మా ఆయన చనిపోయిన ఏడాది అది. వాదించే ఓపిక లేక చెప్పిందల్లా అప్పజెప్పేసేదాన్ని.

నన్నొక్కదాన్నే అయితే సరే. మోండా మార్కెట్లో బెండకాయలమ్మే ఖమర్ బీనీ వదల్లేదు.

“ముదురుయి వద్దు, పుచ్చుయి వద్దు. నేనేం చెప్పిన?”

“టీచరమ్మా, బెండకాయలు అమ్మాలంటే సుత పరీక్ష పాస్ కావాల్నా?”

“ఫెయిలైతే పక్క బండికి పోత.”

ఖమర్ బీ గొణుక్కుంటూనే అప్పజెప్పేది.

ఒకసారి డాక్టరుకి మోకాళ్లు, నడుము, తలతిరుగుడు అన్నీ చెప్పి, “ఇప్పుడు మీరు చెప్పుండ్రి” అంది. ఆయన తలతిరుగుడు మరిచిపోయాడు. “మళ్లా షురూ చేద్దాం” అని మోకాళ్ల దగ్గర్నుంచి అందుకుంది. అది విన్న క్యూలో వాళ్లకి తల తిరిగింది.

చర్చిలో ప్రసంగం అయ్యాక పక్కాయన్ని, “ఫాదర్ ఏం చెప్పిండు?” అని అడిగింది. అప్పుడే కునుకులోంచి లేచిన ఆయన “ఆమెన్” అన్నాడు. ఆ తర్వాత ఆదివారం నుంచి బెంచీ అంతా ఆవిడదే.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చునే మనిషి కాదుగా. జాంబియాలో నన్స్ నడిపే బడిలో జీతం లేకుండా పాఠాలు చెబుతానని బయలుదేరింది.

“పిల్లలు పారిపోతారేమో అక్కా.”

“ఎటు పారిపోయిన్రో కూడ అప్పజెప్పిస్త.”

మొన్న బట్టలుతికి బకెట్టు మేడ మీదకి తీసుకెళ్తుంటే ఫోను మోగింది. వీడియోలో టీచర్, ముఖం వాడిపోయి.

“పరేషాన్ అయితున్న సీతా. ఈడ పిల్లలు ఒకటడిగితే పది చెప్తరు. ఈ ముటాలే పోరి మాత్రం వాళ్లమ్మ పోయినప్పటి సంది నోరు తెరుస్తలేదు. మాట్లాడని పిల్లకు చదువెందుకని, బడి మాన్పిస్తా అని దాని నాయనమ్మ వచ్చి గేటు కాడ నిలబడ్డది. జెర నువ్వు మాట్లాడు.”

“నాకు ఇంగ్లీషు రాదక్కా!”

“దానికి తెలుగు రాదు. చెల్లుకు చెల్లు.”

“ఏం మాట్లాడాలి?”

“నీకు తెల్వదా? నువ్వు సుత గిట్లనే ఉంటివి. లేకుంటే వానల ముచ్చట నాకెందుకు? దినాం రెండు మాటలన్న నీ నోట్లకెల్లి బయటికి రావాలనే గద.”

నాకు నవ్వాగలేదు. ఆ ఏడాదంతా చాయ్‌తో పాటు నేను మింగింది మందన్నమాట!

తెర మీదకి పెద్ద కళ్ల పిల్ల వచ్చింది. నేల చూస్తోంది. ఏం తోచక, ఏ పిల్లనైనా మొదట అడిగేదే అడిగాను. “అన్నం తిన్నావా?”

పలకలేదు. నేను తొందరపెట్టలేదు. ఆ నేలచూపు నాకు కొత్తేం కాదు. టీచర్ లాగే వేలెత్తాను. “ఏం చెప్పాను?”

పిల్ల తలెత్తింది. “అన్నం... తిన్నావా.”

“ఏమన్నది? ఏమన్నది?” వెనక నుంచి టీచర్ కేక.

“వినలేదా అక్కా? అయితే బెంచీ ఎక్కండి.”

“నాయనమ్మను గుంజుకొస్త, ఫోన్ పెట్టకు!” అని ఆ మోకాళ్లతోనే పరుగెత్తింది.

ముటాలే తన భాషలో ఏదో పొడుగు మాట చెప్పి, నా వైపు వేలెత్తింది. నేను తప్పు చెప్పాను. తల అడ్డంగా ఊపి మళ్లీ చెప్పించింది. మళ్లీ తప్పే. కిలకిలా నవ్వింది.

పిండిన బట్టలు బకెట్లోనే ముడతలు పడుతున్నాయి. మేడ మీద మంచి ఎండ. బకెట్టును కాలితో పక్కకి నెట్టి, మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.