వాము వేసిన చురోలు

పొయ్యి మీద నీళ్ళు మరిగాయంటే చాలు, జ్ఞానసుందరి చెయ్యి తనకు తెలియకుండానే వాము డబ్బా మీదికి పోతుంది. ఒకసారి టీ నీళ్ళలో కూడా వేసేసి, మొగుడు ఏసురాజు చేత చాలాకాలం మాటలు పడింది. పాపం, ఆమె తప్పేముంది? ఆమదాలవలసలో రైలు స్టేషనుకెళ్ళే సందులో సగం జీవితం చేగోడీలు చేసి అమ్మిన మనిషి. మరిగే నీళ్ళలో అరచేతుల మధ్య నలిపిన వాము వెయ్యడం, ఆపైన పిండి గుమ్మరించి మూత పెట్టడం ఆమెకు ఊపిరి తీసినంత మామూలు.

పుట్టింది నౌపడలో, ఉప్పుమళ్ళ పక్కన. పెళ్ళయి వచ్చాక చేగోడీలు అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఆ అత్తగారు కోడలిని మెచ్చుకోవడం ఎవరూ వినలేదు గానీ, తాను కాలం చేసేముందు పిండి గిన్నె మాత్రం కోడలి చేతిలోనే పెట్టింది. జ్ఞానసుందరి చేగోడీ అద్దంలా నున్నగా ఉంటుంది, అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. దాని గురించి ఆమెకు కొంచెం గర్వం ఉంది. ఉండాల్సిందే, ఎందుకుండకూడదు?

వాళ్ళ చర్చిలో ఏటా కోతల పండుగ చేస్తారు. పండించిన వాళ్ళు పంట తెస్తారు, పంట లేని వాళ్ళు తమ చేత్తో చేసిందేదైనా తెస్తారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలంపాట. సంఘం సెక్రటరీ శాంతికుమార్ ఒక్కొక్కటే పైకెత్తి, అది ఎవరిదో చెప్పి పాట మొదలుపెడతాడు. 'జ్ఞానసుందరమ్మ గారి చేగోడీలు' అనగానే పిల్లలు కూడా బెంచీలెక్కుతారు.

కిందటి వానాకాలం కీళ్ళజ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. పిండిని సన్నగా తాడులా తాల్చలేకపోయింది, కొసలు కలిపి నొక్కలేకపోయింది. సందులో పొయ్యి ఆరిపోయింది. పండుగ దగ్గరపడేకొద్దీ ఆమెకు దిగులు పట్టుకుంది. దేవుడి ముందుకి ఒట్టి చేతులతో ఎలా పోవడం? చివరికి బజారులో ఒక గుమ్మడికాయ కొనమని ఏసురాజుతో అంది.

"గుమ్మడికాయ నువ్వు కాసినావేటే?" అన్నాడాయన.

ఇంకోరోజైతే నవ్వేది. ఆరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నవ్విద్దామని అన్న మాట అలా తిరగబడేసరికి ఏసురాజు విజయనగరంలో ఉన్న మేనకోడలికి ఫోన్ చేశాడు. ఆమె పేరు షీబా, అక్కడ ఒక బేకరీలో పని. పండుగ ముందురోజు శనివారం పాసింజరెక్కి దిగిపోయింది, సంచిలో మైదా, దాల్చినచెక్క పొడి పట్టుకుని.

"అత్తా, సేగోడీలే తేవాలని రూలేటి ఉన్నాది? సురోలు సేద్దాం."

"అవేటి?"

"స్పెయినోళ్ళు పొద్దున్నే తింతారు. మెక్సికోలో సాక్లెట్‌లో ముంచుకు తింతారు. మా బేకరీలో సాయంత్రమైతే కాలేజీ పిల్లలు లైను కడతన్నారు. సూడు" అని ఫోన్ చూపించింది.

జ్ఞానసుందరి చూసింది. ఎవరో పరాయిదేశపు ముసలావిడ నీళ్ళు మరిగించి, అందులో పిండి గుమ్మరించి, గరిటెతో కలియబెడుతోంది.

"ఓసి నీ అమ్మకడుపు సల్లగుండ! ఇది మన సేగోడీ పిండే కదే!"

"అదే మరి. ఏళ్ళతో పనిలేదు, జంతికల గొట్టంతో నూనిలోకి నొక్కీడమే."

గొట్టం పిడి మీద అరచేతులు ఆనించి, ఒంటి బరువు వేస్తే చాలు. వేళ్ళు ముడవక్కర్లేదు. జ్ఞానసుందరి తన అరచేతుల వైపు చూసుకుంది. అవి బాగానే ఉన్నాయి.

కానీ అలవాటు ఊరుకుంటుందా? నున్నగా రావాలని గొట్టానికి గుండ్రటి రంధ్రమున్న బిళ్ళ వేసింది. మొదటి వాయి మూకుడులో టపటపా పేలి, నూనె గోడ మీదికీ, ఏసురాజు కొత్త లుంగీ మీదికీ చిమ్మింది.

"గీతలుండాలత్తా! నున్నగుంటే లోపల ఆవిరి బయటికి రాలేక పేలిపోతాది" అని షీబా నక్షత్రం బిళ్ళ మార్చింది. ఈసారి చారలు చారలుగా, ఎర్రగా వేగి వచ్చాయి. పంచదారలో దొర్లించి ముగ్గురూ తిన్నారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి తిన్నారు.

ఆదివారం తెల్లవారగానే, ఎవరూ సాయం రావద్దని చెప్పి, జ్ఞానసుందరి ఒక్కతే పొయ్యి వెలిగించింది. నీళ్ళు మరిగాయి. చెయ్యి తన దారిన తాను పోయింది. మూత తీసేసరికి గుప్పున వాము వాసన!

"అయ్యో! పంచదారలో వామా?" షీబా తల పట్టుకుంది. మైదా అయిపోయింది, కొట్లు తెరవలేదు, చర్చి గంట మోగుతోంది. వేయించి, పంచదార అద్ది, ఒకటి ఏసురాజు చేతికిచ్చారు. ఆయన నిదానంగా నమిలాడు.

"ఏటి, బాగోలేదా?" అంది జ్ఞానసుందరి.

"బాగోలేదని నాను అన్నానా? ఇంకోటియ్యి."

ఆ మాట ఆమె నమ్మలేదు. పరాయి వంటకం, పైగా పాడైన వంటకం. బుట్టలో సర్ది గుడ్డ కప్పి, చర్చిలో కానుకల బల్ల మీద అరటిగెలల వెనక్కి తోసేసి, ఆఖరి వరుసలో కూర్చుంది. ముందు బెంచీలో చూపు ఆనని ముసలి రాణమ్మ, "సుందరి ఈ యేడు సేగోడీలు తేలేదంట, సెయ్యి పోనాదంట" అని ఎవరితోనో అనడం వినబడింది.

వేలంలో శాంతికుమార్ బుట్ట గుడ్డ తీశాడు. "ఇవేటి? ఎవలివి?" షీబా లేవబోతే జ్ఞానసుందరి ఆమె చున్నీ పట్టి లాగి కూర్చోబెట్టింది.

"ఏటో తెలీకుండా పాటెలగ పాడతారు? మామ్మా, నువ్వు రుసి సూసి సెప్పు" అని అతను ఒకటి రాణమ్మ చేతిలో పెట్టాడు. ఆమె తడిమి చూసి కొరికింది. గడ్డం మీద పంచదార రాలింది. కాసేపు నమిలి, తల తిప్పి గట్టిగా పిలిచింది.

"ఒసే సుందరీ! ఎక్కడున్నావే? తీపెట్టీసి, గీతలు గీసీసి ఇత్తే నీ సెయ్యి నాను పోల్చుకోననుకున్నావేటి? వాము నలిపి ఎయ్యడం నీకు తప్ప ఎవలికొచ్చు? ఎవలే, సెయ్యి పోనాదని సెప్పినోల్లు?"

ఆవరణంతా గొల్లున నవ్వింది. జ్ఞానసుందరి లేచి నిలబడింది.

"నాయే బాబూ. సురోలంతారు" అంది. పిల్లలు అప్పటికే బెంచీలెక్కేశారు.

సోమవారం పొద్దున్న సందులో మళ్ళీ పొయ్యి వెలిగింది. షీబా తన రైలుకి ఇంకా టైముందని పక్కనే గోడకానుకుని చూస్తోంది. నీళ్ళు మరిగాయి. జ్ఞానసుందరి చెయ్యి వాము డబ్బా దగ్గర ఒక్క క్షణం ఆగింది. తరవాత, ఈసారి తెలిసే వేసింది.