గుండ్రటి గోడ ముందర మనిషి

గల్ఫ్‌లో సీబ్ అనే ఊర్లో నేను పనిచేసే ఇంట్లో ఒక ముసలామె. గ్రీకు దేశంలో ఏదో దీవి మనిషి. కొడుకు ఇంజనీరు, పొద్దున డ్యూటీకి పోతే చీకటి పడినాకే వచ్చేది. పగలంతా మేమిద్దరమే. ఆమెకొచ్చిన ఇంగ్లీషు, నాకొచ్చిన ఇంగ్లీషు కలిపినా ఒక మాట పూర్తి కాదు. మాది కడప అని ఎన్నిసార్లు చెప్పినా "బొంబాయి?" అంటుంది. పోనీలే, బొంబాయే!

ఆమె మంచం పక్కన ఒక ఫోటో. మూలలే లేకుండా గుండ్రంగా తిరిగిన తెల్లటి సినిమా హాలు, దాని ముందర తాపీ పట్టుకుని ఆమె నాయన. సగం మాటల్తో, సగం సైగల్తో చెప్పేది. అప్పుడు ఆ దీవిని ఇటలీవాళ్లు ఏలేవాళ్లంట. బళ్లో సొంత భాష మాట్లాడితే దెబ్బలంట. ఊరు మాత్రం కొత్తగా, వాళ్లకు నచ్చినట్టు కట్టుకున్నారు. ఆ హాలు గోడకు పూత పూసింది నాయనే. అందుకే ఇటలీవాళ్లను తిట్టిన నోటితోనే ఆ గోడను మెచ్చుకునేది. వినే దిక్కు నేనొక్కదాన్నే.

ఒక శుక్రవారం నా రూములో దేవునికి కుంకుమ పెట్టి, అదే చేత్తో ఆ ఫోటోకీ బొట్టు పెట్టి, రెండు మల్లెపూలు తగిలించినా. ఆమెకే తొంభై దగ్గర పడినాయి, నాయన ఇంకా యాడుంటాడు?

ఆమె చూసి గట్టిగా అరిచింది. "ఏందిది?"

"చనిపోయినోళ్ల ఫోటోకు పెడతాం, అమ్మా."

"చనిపోయినాడని నీకెవరు చెప్పినారు?"

యుద్ధంలో సైనికులు పట్టుకపోయినారంట. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. మొగుడు పోతే వాళ్లలో కట్టే నల్లబట్ట, వాళ్లమ్మ కడదాకా కట్టలేదంట. అయ్యో, నా చేతులు పడిపోనూ! కొంగుతో ఫోటో మీది బొట్టు తుడిచి ఏడ్చినా. ఆమె కోసమే ఏడ్చినానంటే అబద్ధం. మా ఆయన కువైట్ పోయి, ఫోన్లు ఆగిపోయి ఎన్నేండ్లో. ఉన్నాడో లేడో చెప్పే నాథుడు లేడు. నా నుదుట బొట్టు మాత్రం నేను మానలేదు. వచ్చీరాని మాటల్లో అదీ ఆమెకు చెప్పినా.

ఆ వారమంతా ఆమె నాతో మాట్లాడలేదు. ఉన్న ఒక్క మనిషీ నోరు మూసుకుంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. గిన్నెలతో మాట్లాడుకుంటా తోమినా.

తర్వాత ఒకరోజు ఫోటో ఒళ్లో పెట్టుకుని పిలిచింది. కుంకుమ తెమ్మనింది.

"ఎదురు చూసి చూసి అలిసిపోయినా. పెట్టు," అనింది.

పెట్టినా. చెయ్యి తీయబోతే ఆమె పట్టుకునింది. నా మొహం చూసి, "నీ మొగుని ఫోటో ఉందా?" అని అడిగింది.

నా పెట్టెలో, చీరల అడుగున ఉంది. లేదని చెప్పినా.